తహసీలు బడి నుండి ఇడుపులపాయ దాకా



అమెరికాలో ఉన్న కుమారుని ఇంట ఆరునెలలు ఉండి వచ్చిన పెద్దాయన ఒకరు ఈ మధ్య ప్రొద్దుటూరులో, అగస్త్యేశ్వరస్వామి గుడి ముంగిట కనబడి ఒక ప్రశ్న వేశారు. "అయ్యవారూ, మా మనుమరాలు కమ్యూనిటీ కాలేజీలో చేరింది. ఆ మాటను తెలుగులో ఏమనాల? మనవైపు అట్లాంటిది ఏదన్నా ఉందా?" మొదటి ప్రశ్నకు జవాబు సులభమే, 'సముదాయ కళాశాల' అన్నాను. రెండవ ప్రశ్నకు మాత్రం అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చి నాలుగురోజులు ఆలోచించిన తరువాత తోచినదే ఈ వ్యాసం.

ముందుగా ఆ మాట సంగతి. అమెరికాలో ఇలినాయి రాష్ట్రంలోని జోలియెట్ పట్టణంలో 1901లో ఒక ఉన్నత పాఠశాలకు అనుబంధంగా రెండేండ్ల కళాశాల వెలసింది. ఆ దేశంలో ఈ కోవకు చెందిన ప్రభుత్వ కళాశాలలకు అదే ఆద్యమని చెబుతారు. ఊరు విడిచి పోలేనివారు, రుసుములు కట్టలేనివారు, గొప్ప విశ్వవిద్యాలయాల ప్రవేశపు వడపోతలో నిలువలేనివారు అక్కడ రెండేండ్లు చదివి, ఆపైన పెద్ద విశ్వవిద్యాలయానికి పోవచ్చు, లేదా ఒక వృత్తి నేర్చుకొని బ్రతకవచ్చు. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన సంఘం తన నివేదికలో వాడిన తరువాత 'కమ్యూనిటీ కాలేజీ' అన్న పేరు ఆ దేశమంతటా స్థిరపడింది. మన దేశంలో పుదుచ్చేరి విశ్వవిద్యాలయం 1995లో ఆ పేరుతోనే ఒక కళాశాల తెరిచింది. 2013 ప్రాంతంలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం కూడా ఇటువంటి కళాశాలలకు ఒక పథకం పెట్టింది.

పేరును పక్కనబెట్టి స్వభావం చూస్తే, ఈ కళాశాలల ప్రాణమంతా వాకిలిలోనే ఉన్నది. లోపల ఏమి చెబుతారన్నది తరువాతి మాట. ఎవరిని రానిస్తారన్నది మొదటి మాట. ఆ కొలతతో వెదికితే కడప జిల్లాలో, పులివెందుల దిక్కున, వేంపల్లె మండలంలోని ఇడుపులపాయలో ఒక కళాశాల కనబడుతుంది. జనం దానిని 'ట్రిపుల్ ఐటీ' అంటారు. అది రెండేండ్ల కళాశాల కాదు, చిన్నదీ కాదు; అయినా ఆ పెద్దాయన ప్రశ్నకు మన సీమలో దానికంటె దగ్గరి జవాబు నాకు దొరకలేదు. ఎందుకో చెప్పాలంటే రెండు వందల ఏండ్లు వెనుకకు పోవాలి.

నిజాము ఈ సీమను 1800లో కుంపిణీకి ధారపోశాడు. 'దత్తమండలం' అన్న పేరు అట్లా వచ్చినదే. 'రాయలసీమ' అన్న పేరు 1928లో నంద్యాల సభలో పుట్టింది. 1800 నుండి 1807 వరకు దత్తమండలానికి ప్రధాన కలెక్టరుగా ఉన్నవాడు థామస్ మన్రో. పాపఘ్ని కొండలను చీల్చుకొని వచ్చే గండి క్షేత్రంలో ఆయనకు బంగారు తోరణం కనబడిందన్న కథ మనవైపు పిల్లలకు కూడా తెలిసినదే. ఆ గండి ఇడుపులపాయకు సమీపమే.

కథకంటె నాకు ముఖ్యమనిపించే విషయం మరొకటి ఉన్నది. మన్రో మద్రాసు గవర్నరైన తరువాత 1822లో, ఏ ఊరిలో ఎన్ని బడులున్నవి, ఎందరు చదువుతున్నారు, ఏమి చదువుతున్నారు అని ప్రతి జిల్లా కలెక్టరునూ లెక్కలడిగాడు. రాజధాని మొత్తంమీద 12,498 బడులు లెక్కకు వచ్చాయి. సుమారు వేయిమందికి ఒక బడి అన్నమాట. 1826 మార్చిలో ఆయన తన నిర్ణయం వ్రాశాడు: ప్రతి కలెక్టరేటులో రెండు పెద్ద పాఠశాలలు, ప్రతి తహసీలులో ఒక పాఠశాల ప్రభుత్వ ఖర్చుతో పెట్టాలి. మరుసటి ఏడాదే ఆయన పత్తికొండలో కలరాతో మరణించాడు. తహసీలు బడులు కొన్ని వెలసినా, 1836 నాటికి ఆ ఏర్పాటు రద్దయింది. ఆంగ్ల విద్యను పై తరగతులవారికి నేర్పితే అది క్రిందికి జారుతుందన్న వాదం అప్పటికి గెలిచింది.

తహసీలు వారీగా చదువు అన్న ఆ ఆలోచనను మనసులో ఉంచుకోండి. దానితో మనకు మళ్ళీ పని పడుతుంది.

క్రిందికి జారుతుందన్న ఆ చదువు మన తాలూకాలకు చేరడానికి ఎంతకాలం పట్టిందో చూడండి. మదనపల్లె 1911 వరకు కడప జిల్లాలోనే ఉండేది. ఆ ఏడాది చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అటు పోయింది. దివ్యజ్ఞాన సమాజంవారి కళాశాల అక్కడ 1915లో వెలసింది. అనంతపురంలో 1916లో దత్తమండల కళాశాల వచ్చింది. కడప పట్టణానికి ప్రభుత్వ కళాశాల వచ్చింది 1948లో, అంటే స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడు. అంతవరకు ప్రొద్దుటూరు పిల్లవాడైనా, జమ్మలమడుగు పిల్లవాడైనా, పులివెందుల పిల్లవాడైనా ఇంటరు చదవాలంటే పెట్టె సర్దుకొని అనంతపురమో, మదనపల్లెనో, మద్రాసో పోవలసిందే. పెట్టె సర్దగల ఇల్లు ఊరికి ఎన్ని ఉండేవి?

చదువు కోసం సీమ చేసిన రాజకీయం కూడా ఈ ఎడబాటునుండి పుట్టినదే. 1937 నవంబరు 16న జరిగిన శ్రీబాగు ఒడంబడికలో నదీజలాలతోపాటు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అనంతపురంలో ఒక కేంద్రం ఉండాలన్న షరతు కూడా ఉన్నది. నీరు, చదువు – ఈ రెండింటినీ మన పెద్దలు ఒకే కాగితంమీద అడిగారు. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. దాని స్నాతకోత్తర కేంద్రం కడపలో 1977లో వెలసి, 2006లో యోగివేమన విశ్వవిద్యాలయమైనది. అదే 2006లో పులివెందులలో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయంవారి ఇంజనీరింగు కళాశాల మొదలైనది. ప్రొద్దుటూరులో యోగివేమన విశ్వవిద్యాలయంవారి ఇంజనీరింగు కళాశాల ఉన్నది.

కళాశాలలు లేని ఆ కాలంలో ఇక్కడ చదువే లేదని నేననను. శివతాండవకర్త పుట్టపర్తి నారాయణాచార్యులవారు అధ్యాపకులై ప్రొద్దుటూరులో బ్రతికినవారే. ఆయన విద్వాన్ పరీక్షకు చదివేనాటికి, చిన్ననాట తాము వ్రాసిన పెనుగొండలక్ష్మియే ఆ పరీక్షకు పాఠ్యగ్రంథమై ఉండడం మా పండితులు తరతరాలుగా చెప్పుకొనే ముచ్చట. కాని ఆయనవంటివారు కూడా ప్రాచ్యవిద్య కోసం తిరుపతి పోవలసి వచ్చింది. ప్రతిభ ఇక్కడ, వాకిలి ఎక్కడో – అదే మన సీమ చదువుల చరిత్ర.

ఇక అసలు సంగతికి వస్తాను.

2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 18వ చట్టం ద్వారా రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని స్థాపించింది. అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారు పులివెందుల శాసనసభ్యులు. తెలంగాణకు బాసర, కోస్తాకు నూజివీడు, రాయలసీమకు ఇడుపులపాయ – మూడు ప్రాంగణాలు. మొదట్లో విశ్వవిద్యాలయ కార్యాలయం హైదరాబాదులో, గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ ఆవరణలో ఉండేది. ఇడుపులపాయ ప్రాంగణానికి 'రాజీవ్ నాలెడ్జ్ వ్యాలీ' అని పేరు పెట్టారు, కాగితాలమీద 'ఆర్.కె. వ్యాలీ' అని వ్రాస్తారు. చుట్టూ కొండలు ఉన్నందున 'లోయ' అన్నమాట అక్కడ నిజంగానే అతుకుతుంది. మరుసటి ఏడాది సెప్టెంబరు 2న హెలికాప్టరు ప్రమాదంలో మరణించిన రాజశేఖరరెడ్డిగారి సమాధి కూడా ఇడుపులపాయలోనే ఉన్నది.

ఈ ఆలోచన వెనుక ఉన్నవారు, విశ్వవిద్యాలయానికి తొలి కులపతి అయినవారు ఆచార్య రాజ్ రెడ్డిగారు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టి, శ్రీకాళహస్తిలో చదివి, గిండీ ఇంజనీరింగు కళాశాలనుండి 1958లో పట్టా పొంది, ఆస్ట్రేలియా మీదుగా అమెరికా చేరి, కంప్యూటరు శాస్త్రంలో నోబెల్ వంటిదని చెప్పే ట్యూరింగ్ పురస్కారాన్ని 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి అందుకున్నవారు. తమ కుటుంబంలో కళాశాల మెట్టెక్కిన మొదటివారు ఆయనే. అటువంటివారు కట్టిన వాకిలి ఎట్లా ఉంటుందో, అట్లాగే ఉన్నది ఇది.

ఆ వాకిలి తీరు ఇది. ప్రవేశపరీక్ష లేదు. పదవ తరగతి మార్కులే ప్రమాణం. గ్రామీణ విద్యార్థులలో అగ్రశ్రేణిని మండలాలవారీగా తీసుకోవాలన్నది మూల సంకల్పం. ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం 1985లో తాలూకాలను విడగొట్టి మండలాలు చేసింది కదా. మన్రో తహసీలుకు ఒక బడి అన్నాడు. ఇక్కడ ప్రతి మండలంనుండి పిల్లలు అన్నారు. నూట ఎనభై ఏండ్ల తరువాత అదే ఆలోచన ఎదురుదిశలో తిరిగి వచ్చింది. బడి పిల్లవాడి దగ్గరికి పోలేకపోయింది, పిల్లవాడినే ఖర్చంతా పెట్టి బడి దగ్గరికి రప్పించారు.

దీనికి తోడు మరొక నియమం ఉన్నది. వసతి లేని ప్రభుత్వ, జిల్లా పరిషత్, పురపాలక పాఠశాలలలో చదివినవారికి, పదిపాయింట్ల కొలమానం ఉన్న రోజులలో 0.4 అదనంగా కలిపేవారు. ఈ 0.4ను జాలిగా చూసేవారున్నారు. నేనట్లా చూడను. గణితోపాధ్యాయుడు సగం ఏడాది లేని బడిలో 9.4 తెచ్చుకున్న పిల్ల, రెండుపూటలా ప్రత్యేక తరగతులు పెట్టే చోట 9.8 తెచ్చుకున్న పిల్లకంటె తక్కువ చదివిందని ఎవరనగలరు? అది దయాభిక్ష కాదు, తూకంలోని పాసంగాన్ని సరిచేయడం. ప్రవేశ నిబంధనలలో తరువాత సవరణలు వచ్చినా, పదవ తరగతి ప్రతిభ, ప్రభుత్వ బడికి అదనం అన్న ఈ రెండూ మూలసూత్రాలుగా నిలిచాయి. ఇటీవలి ఎంపిక జాబితాలలో బాలురకంటె బాలికలే ఎక్కువగా ఉంటున్నారు. ఆడపిల్లను దూరం పంపడానికి జంకే మా పల్లెలలో ఇది చిన్న సంగతి కాదు. వసతి, భోజనం, కాపలా ఉన్న సర్కారు కళాశాల అనేసరికి తల్లిదండ్రులు ధైర్యం చేశారు.

చదువు ఆరేండ్లు. మొదటి రెండేండ్లు ఇంటరుకు సమానమైన పూర్వ విశ్వవిద్యాలయ తరగతి, తరువాతి నాలుగేండ్లు ఇంజనీరింగు. కంప్యూటరు, ఎలక్ట్రానిక్స్, విద్యుత్తు, సివిల్, మెకానికల్, రసాయనిక, లోహశాస్త్ర శాఖలు ఉన్నాయి. మొదటి రెండేండ్లతో చాలించి పోదలచినవారు పోవచ్చు. మన పెద్దాయన మనుమరాలి కళాశాలకు, దీనికీ ఇక్కడ ఒక పోలిక, ఒక భేదం. అక్కడ రెండేండ్లయిన తరువాత మరొక విశ్వవిద్యాలయంలో మళ్ళీ చోటు వెదుక్కోవాలి. ఇక్కడ పదిహేనేండ్ల వయసులో లోపల అడుగుపెట్టిన పిల్ల, మధ్యలో మరే వాకిలి దగ్గరా నిలబడకుండా ఇరవై ఒకటవ ఏట ఇంజనీరై బయటికి రావచ్చు. ఇంటరు పేరుతో లక్షలు పోసే దుకాణాల బాధ ఆ ఇంటికి తప్పింది.

తొలి ఏడాది ఒక్కొక్క ప్రాంగణానికి రెండువేల మంది లెక్కన చేర్చుకున్నారు. పక్కా భవనాలు లేవాయె. రేకులతో, పలకలతో బిగించిన తాత్కాలిక గదులలో తరగతులు నడిచాయి. ప్రతి పిల్లవాడికీ ఒక ల్యాప్‌టాప్ ఇచ్చారు. 2008 నాటికి మా మండలంలో అది చూసినవారే అరుదు. పాఠాలను కంప్యూటరు ద్వారా అందించి, పక్కన మార్గదర్శకులుండి సందేహాలు తీర్చే పద్ధతి. చెప్పించుకోవడంకంటె చేసి నేర్చుకోవడం దాని సూత్రం.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పక తప్పదు. అప్పుడు నేను జమ్మలమడుగు వైపు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిని. మా బడినుండి ఒక అమ్మాయికి ఆ మొదటి ఏడే చోటు దొరికింది. కూలికి పోయే ఇల్లు. సంక్రాంతి సెలవులకు వచ్చి నన్ను చూడవచ్చింది. ఎట్లా ఉందమ్మా అంటే కొంతసేపు మాట్లాడలేదు. తరువాత అన్నది: "మొదటి వారమంతా ఏడ్చినా సార్. లెక్కల పాఠంలో అన్నిటికంటే ముందర 'లెట్' అని వస్తాది. లెట్ అంటే ఏందో నాకు తెలీదు. పక్కమ్మాయికీ తెలీదు. లెక్కేమో నాకు వచ్చిందే."

'లెట్ ఎక్స్' అంటే మా పుస్తకాలలో 'ఎక్స్ అనుకొనుము'. ఆ పిల్లకు అనుకోవడం వచ్చు, లెట్ రాదు. లంబము, కర్ణము, వర్గమూలము, త్వరణము, ద్రవ్యరాశి – ఇవన్నీ ఆమెకు కరతలామలకాలు. ఒక్క రాత్రిలో ఆ మాటలన్నీ చెల్లని నాణేలైపోయాయి. తరువాత ఆమె చేసిన పని విని నేను ఆశ్చర్యపోయాను. ఒక నోటుపుస్తకం తీసుకొని నడుమ గీత గీసి, ఎడమవైపు తెలుగు మాట, కుడివైపు ఆంగ్లం మాట తెలుగు లిపిలో వ్రాసుకున్నదట. గదిలోని పిల్లలంతా దానిని చూసి వ్రాసుకున్నారట. డిసెంబరు నాటికి ఆ పుస్తకం అవసరం తీరిపోయింది. తెలుగు అకాడమీ 1968నుండి ఎందరో పండితులచేత, శాస్త్రజ్ఞులచేత చేయించిన పారిభాషిక పదాల పనిని, పదిహేనేండ్ల పిల్ల ఆకలి మీద ఒంటరిగా మళ్ళీ చేసుకున్నది.

ఆమె ఇంజనీరైనది, ఉద్యోగంలో ఉన్నది. ఆ కథ అంతవరకు సుఖాంతమే. కాని ఆ వారం రోజుల ఏడుపు నన్ను విడువలేదు. వాకిలి విశాలంగా కట్టారు, గడప మాత్రం ఎత్తుగా ఉండిపోయింది. ఆ గడప పేరు భాష.

ఈ కళాశాలకు ఇతర కష్టాలు లేవని కాదు. చేర్చుకొనేవారి సంఖ్య తరువాత ప్రాంగణానికి వేయికి తగ్గింది. బోధించేవారిలో ఎక్కువమంది ఏండ్లతరబడి ఒప్పంద పద్ధతిమీదనే పనిచేశారు. రేపు ఉంటామో లేదో తెలియని గురువు శిష్యుడికి ఆరేండ్ల భరోసా ఎట్లా ఇస్తాడు? 2014లో రాష్ట్రం విడిపోయి బాసర తెలంగాణకు పోయింది. 2016లో ఒంగోలు, శ్రీకాకుళం ప్రాంగణాలు మంజూరు కాగా, ఒంగోలు పిల్లలు కూడా మొదట ఇడుపులపాయలోనే తలదాచుకున్నారు.

అన్నిటికంటె నాకు గుబులు పుట్టించినది 2020. కరోనా వలన పదవ తరగతి పరీక్షలు జరగలేదు. మార్కులు లేవు గనుక ఆ డిసెంబరు 5న ప్రవేశపరీక్ష పెట్టారు. 2021లోనూ అంతే. ఆ రెండేండ్లలో వేరే దారి లేదన్నది నిజమే. కాని ప్రవేశపరీక్ష అనగానే శిక్షణకేంద్రం పుడుతుంది. శిక్షణకేంద్రం ప్రొద్దుటూరులోనో కడపలోనో ఉంటుంది గాని, చెరువుకట్ట కింది పల్లెలో ఉండదు. మా బడిలో ఆ పరీక్ష పేరు విన్న పిల్లలు ఎంతమందో వ్రేళ్ళమీద లెక్కపెట్టగలిగాను. 2022లో మళ్ళీ పదవ తరగతి మార్కులకే తిరిగి వచ్చారు. అప్పుడు నాకు ఊపిరి తిరిగింది.

గడప సంగతి మాత్రం అట్లాగే ఉన్నది. 2021–22నుండి రాష్ట్రంలోని డిగ్రీ కళాశాలలన్నీ ఆంగ్ల మాధ్యమానికి మారాలని ప్రభుత్వం నిర్ణయించింది. నేను ఆంగ్లానికి శత్రువును కాను. ఆ అమ్మాయికి ఇంగ్లీషు వచ్చినందువల్లనే ఉద్యోగం వచ్చిందని నాకు తెలుసు. నేనడిగేది చిన్నకోరిక. చేరిన మొదటి రెండు నెలలు, పిల్లకు వచ్చిన మాటనుండి రావలసిన మాటకు వంతెన వేయండి. 'అనుకొనుము' తెలిసిన పిల్లకు 'లెట్' నేర్పడానికి అరగంట చాలు. ఆ అరగంట ఎవరూ ఇవ్వకపోతే వారం ఏడుపు. ఆమె తట్టుకున్నది. తట్టుకోలేక పెట్టె సర్దుకొని ఇంటికి వచ్చినవారి పేర్లు ఏ జాబితాలోనూ ఉండవు.

మన్రో బడులు పదేండ్లలో మూతపడ్డాయి. ఇడుపులపాయ వాకిలి తెరిచి అంతకంటె ఎక్కువకాలమే గడిచింది, తెరిచే ఉన్నది. పెద్దాయనకు ఇక నేను చెప్పబోయే జవాబు ఇది: "ఉందయ్యా. పేరు వేరు గాని మనవైపు కూడా ఒకటి ఉంది. ఎంపికైన పిల్లల పేర్లు ప్రకటించే రోజున చూడు, ఏ బడి పేరు ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టు. అదే దాని చరిత్ర."

మీ తాలూకాలలో మొదటి కళాశాల ఎట్లా వచ్చింది, అంతకుముందు పెట్టె సర్దుకొని ఎక్కడికి పోయేవారు – మీ ఇంటి పెద్దలను అడిగి వ్రాయండి. చదవాలని ఉన్నది.